తేనెరంగు పిడి

తలుపు పూర్తిగా మూసుకోకముందే లోపలినుంచి ఆయన నవ్వు వినిపించింది. పొద్దున్నుంచి దవడ పట్టుకుని, కాఫీ కూడా వద్దని, టాక్సీలో ప్రతి కుదుపుకూ మూలిగిన మనిషికి ఇంత నవ్వు ఎక్కడినుంచి వచ్చిందా అని ఆమె అనుకుంది. అనుకుని, చేతిసంచి ఒళ్లో సర్దుకుని, వరసగా ఉన్న ఆరు కుర్చీలలో గోడవైపు చివరిదాన్లో వీపు ఆనించకుండా కూర్చుంది. "గంట పడుతుందమ్మా, దవడపన్ను కదా, వేరు వంకర తిరిగిందట," అంది కౌంటరు దగ్గరావిడ, ఆ వంకరకు ఇంట్లోవాళ్ల అశ్రద్ధే కారణమన్నట్టు చూస్తూ. గంట. ముప్పై ఒక్కేళ్లు న్యాయగ్రంథాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషికి గంటసేపు కదలకుండా కూర్చోవడం ఒక లెక్కలోది కాదు. పన్ను పీకాక తోడు ఒకరుండాలని క్లినిక్కువాళ్లు గట్టిగా చెప్పబట్టి ఆయన ఆమెను వెంటబెట్టుకొచ్చాడు, లేకపోతే ఈ ఎనిమిది నెలల్లో పదకొండుసార్లు ఒంటరిగా వచ్చిన చోటికి పన్నెండోసారీ ఒంటరిగానే వచ్చేవాడు. పంటికోసం రెండుసార్లు. తక్కిన తొమ్మిదిసార్లూ చాకులకోసం. ఎదురుగోడకు ఆనుకుని, లోపల చిన్న దీపం వెలుగుతూ, డాక్టరమ్మ తన చాకులు పేర్చుకున్న ఆ గాజుపెట్టె ఉంది. దానివైపు చూడకూడదని మెట్లెక్కుతున్నప్పుడే నిర్ణయించుకుంది కాబట్టి ఆమె చేపలున్న క్యాలెండరువైపు చూసింది.

ఎనిమిది నెలల కిందటివరకూ వాళ్లింట్లో ఆదివారం మధ్యాహ్నానికి ఒక పద్ధతి ఉండేది, నలభై ఏళ్ల పద్ధతి. ఆయన పొద్దున్నే పాతసామాన్ల బజారుకు పోయి, తాళంచెవులు లేని తాళాల్లో, ముళ్లు లేని గడియారాల్లో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికి, ఏదో ఒక మడతచాకు పట్టుకొచ్చేవాడు. భోజనాలయ్యాక బల్ల తుడిచి, జేబురుమాలులో చుట్టిన దాన్ని ఆమె ముందు పెట్టి, తాను ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుని, "చెప్పు," అనేవాడు. ఇంకేమీ అనేవాడు కాదు, ఎక్కడ దొరికిందో, అమ్మినవాడు ఏమన్నాడో, ఏమీ. ఆమె రుమాలు విప్పకముందు బరువు చూసేది. తర్వాత పిడి: ఎముకైతే సూదిమొనంత రంధ్రాలుంటాయి, కొమ్ముకుండవు, ఆ తేడా పట్టుకోవడానికి ఆయనకు పదేళ్లు పట్టింది, పట్టాక కూడా మూడింట ఒకటి తప్పేవాడు. తర్వాత బ్లేడు మొదట్లో, పిడిలోకి దిగే చోట, తయారుచేసినవాడు కొట్టిన ముద్ర. ముద్ర ఎప్పుడూ సగమే ఉంటుంది. తాతలూ తండ్రులూ నూరినూరి, తుడిచితుడిచి, అక్షరాలను తినేసి ఉంటారు. ఆమె సుద్దపొడి అద్ది, వేలితో తుడిచి, దీపాన్ని బల్లమీద పక్కగా, బాగా కిందికి పెట్టి, వెలుతురు ఏటవాలుగా పడేట్టు చూసి, మిగిలిన మూడక్షరాల నుంచి పోయిన ఏడింటినీ చదివేది. సీసపు అక్షరాలను తిరగేసి చదవడం అలవాటైన కళ్లవి. ఏ కంపెనీ, ఆ కంపెనీ ఏ ఏట ముద్ర మార్చింది, కాబట్టి ఈ చాకు ఏ పదేళ్లలోది, బ్లేడు పిడితో పాటు పుట్టిందా లేక ఎవడో తర్వాత వేరే చాకునుంచి పీకి అతికించాడా, చీకటి పడేలోగా తేల్చేసేది. ఆయన అన్నీ బుద్ధిగా రాసుకుని, నెలకోసారి జరిగే సేకర్తల సమావేశంలో, "మేము తేల్చాం," అనేవాడు. ఆ మేము అనే మాటలో ఆయన వాటా ఎంతో ఆమెకు తెలుసు, తెలిసీ నలభై ఏళ్లు నోరు మెదపలేదు, ఎందుకంటే ఆదివారం బల్ల దగ్గర ఆయన చేతులు కట్టుకుని ఆమె పెదవులవైపే చూస్తూ కూర్చునే ఆ మూడు గంటలూ ఆమెవి. సర్వేయరుగా ఊళ్లకు ఊళ్లు కొలిచిన మనిషి, పైవాళ్ల మాటకే ఎదురుతిరిగిన మనిషి, ఆ మూడు గంటలు మాత్రం తెలియనివాడిగా కూర్చునేవాడు. పంటిలో సిమెంటు పెట్టించుకోవడానికి వచ్చి ఈ గాజుపెట్టె చూసి వెళ్లిన తర్వాతి ఆదివారం బల్లమీదకు రుమాలు రాలేదు. "డాక్టరమ్మకి చూపించానోయ్, మొదటి యుద్ధానికి ముందుదట," అన్నాడు, చాకును అప్పటికే చీటీ కట్టి తెచ్చి. చీటీమీద గుండ్రటి చేతిరాత.

లోపల టక్కుమంది. ఆమె మెడ తిరగలేదు గాని చెవి తిరిగింది. మళ్లీ టక్కు, ఒక క్షణం ఆగి మరో టక్కు. అంటే ఈ నొప్పిలో కూడా చొక్కా జేబులో చాకు పెట్టుకొచ్చాడన్నమాట, ఆమెకు కనపడకుండా. బ్లేడు సగం దూరంలో నిటారుగా ఒకసారి నిలబడి, ఆ తర్వాత పూర్తిగా తెరుచుకునే రకం. వెన్నులోని స్ప్రింగు బిగువు తగ్గలేదు. చప్పుడు పొడిగా ఉంది, నూనె చుక్క చూసి చాలాకాలమైంది. లోపలి రేకు ఇనుముది, ఇత్తడిదైతే ఇంత కటువుగా పలకదు. గోడవతల కూర్చుని ఇంత చెప్పగల మనిషిని చేపల క్యాలెండరు ముందు కూర్చోబెట్టి, ఆయన లోపల, వెనక్కి వాలిన కుర్చీలో, "ముందు ఇది చూడండి డాక్టరమ్మా," అంటున్నాడు. "నోరు తెరవండి సార్, ముందు మత్తు ఇంజక్షన్." "మీరు చెబితేనే తెరుస్తా." "చిన్నపిల్లాడికన్నా మొండి మీరు. ఇలా ఇవ్వండి. కొస లోపలికి వంగింది కదా, తోటపనివాళ్లది. కొమ్మలు కత్తిరించేటప్పుడు వాడేది. ఇక తెరవండి." అంతే, గుక్క తిప్పుకునేంతలో. ఆ వంపు చెవికి వినపడదు, అది ఆమె ఒప్పుకుంది. కళ్లముందు ఉంటే తనకూ అంతే సమయం పట్టేది, అదీ ఒప్పుకుంది. కాని తాను ఎన్నడూ అంత తొందరగా చెప్పలేదు. చూడగానే తెలిసిపోయిన చాకుల్ని కూడా దీపం చుట్టూ తిప్పి, సుద్ద అద్ది, భూతద్దం మార్చి, సాయంత్రందాకా లాగింది. ఆ పిల్లకు లాగాల్సిన అవసరం లేదు. ఆ పిల్లకు బయట ఆరు కుర్చీలనిండా మనుషులున్నారు.

చెల్లెలికి ఫోనులో చెప్పుకోవడం తెలివితక్కువ పని. "అక్కా, ఆయనకి డెబ్బైరెండు, ఆవిడకి ముప్పైయెనిమిది. పైగా ఆయన నోరు తెరిస్తే ఆవిడకి కనపడేవి పుచ్చుపళ్లు. దీనికా నువ్వు అన్నం మానేసింది?" అని పకపకా నవ్వింది. లోకానికి తెలిసిన అసూయ ఒక్కటే రకం, దానికైతే ఓదార్పు మాటలు సిద్ధంగా ఉంటాయి, పెద్దలుంటారు, అవసరమైతే వకీళ్లుంటారు. ఆయన ఎవరి పక్కన కూర్చున్నా ఆమెకు అభ్యంతరం లేదు. ఆయన అడగడం మానేశాడు, అది అభ్యంతరం. తెలిసినదాన్ని అడిగేవాడు లేని మనిషి, ఎవరూ తీయని పుస్తకంలాగా, ఎంత చక్కగా కుట్టి ఉన్నా బీరువాలో బరువే. ఈ మాట చెల్లెలికి చెప్పబోతే, "మరి నువ్వే ఓ మాట అనొచ్చుగా ఆయనతో, నాకు చూపించండీ అని," అంది. చూపించండీ అని. అడుక్కోవాలన్నమాట. ఎనిమిది నెలలు ఆమె ఆదివారం బల్ల తుడిచింది, ఏమీ అనకుండా.

ఎప్పుడు లేచిందో, పెట్టె ముందు ఎప్పుడు నిలబడిందో ఆమెకు స్పష్టంగా తెలియదు. కౌంటరావిడ తల ఎత్తి, "చూడండమ్మా, అందరూ చూస్తారు," అన్నప్పుడు తాను అప్పటికే రెండో వరస మధ్యలో ఉన్నట్టు తెలిసింది. మూడు వరసల్లో నలభైనాలుగు చాకులు, నల్లగుడ్డమీద, సగం తెరిచి, ఒక్కోదాని కింద గుండ్రటి రాతతో చీటీ. ఆమె ప్రూఫు చదివినట్టే చదివింది, పెదవులు కదపకుండా, ఒక్కో అక్షరం మీద ఆగుతూ, తప్పుకోసం. తప్పు ఉండి తీరాలి. పళ్లు తోమే యంత్రంతో బ్లేడ్లను మెరిపించి ఉంటుందనుకుంది, కొత్తగా చేరినవాళ్లందరూ చేసే పాపం అది, వందేళ్ల ముదురురంగును ఒక్క పూటలో గీకిపారేస్తారు, మెరిపించలేదు. ఎముకను కొమ్మని రాసి ఉంటుందనుకుంది, రాయలేదు. పైవరసలో మూడోది గారడీవాడి హస్తలాఘవంలాంటి అతుకు, బ్లేడొక కంపెనీది, ఒళ్లొక కంపెనీది, గోటితో తెరవడానికి చెక్కిన గాడి రెండు బ్లేడ్లమీదా రెండు రకాలుగా ఉంది, సేకర్తల సమావేశంలో సగంమంది దాన్ని పట్టుకోలేరు. చీటీమీద, చివర్లో, చిన్నగా, "పెద్ద బ్లేడు తర్వాత వేసింది," అని ఉంది. ఆమెకు చెవులు వేడెక్కాయి. ముప్పై ఒక్కేళ్లలో తప్పులేని ప్రూఫు ఒక్కటి కూడా ఆమె చేతికి రాలేదు, వస్తే ఇలా ఉంటుందని తెలియదు. పైగా ఆ రాతలో గొప్పలు లేవు. తెలియనిచోట "తెలియలేదు" అని రాసుకుంది, నాలుగుచోట్ల. ఆ నాలుగింటిలో మూడు ఆమెకు తెలుసు.

కిందివరస చివర ఆమె ఆగిపోయింది. తేనెరంగు పిడి, వెలుతురు ఒక పక్కనుంచి పడితే రెండోపక్కకు తేనెలాగే తేలే పిడి, రెండో చీల దగ్గర వెంట్రుకవాసి పగులు. చీటీమీద, "సర్వేయరు గారి బహుమతి, క్లినిక్ పదో వార్షికోత్సవం," మూడు నెలల కిందటి తారీఖు. ఆ పగులు మీకు పందొమ్మిదేళ్లుగా తెలుసు కదా అని ఎవరైనా అంటే, పందొమ్మిదేళ్ల నాలుగు నెలలని సరిదిద్దేది. పెరటివైపు వరండాలో, కిటికీ పైగూటిలో, మూతలేని రేకుడబ్బాలో, ఒంటరిగా ఉండవలసిన చాకు అది. ఆమె దాన్ని తీసి చూసి ఎన్నాళ్లయిందో. ఆయన మాత్రం తీశాడు, తీసి, ఆమె ఒక మూలన పారేసిన వస్తువు కదా, ఎవరికి ఇస్తేనేం అనుకున్నాడు, అందంగా ఉంది కదా, డాక్టరమ్మకు నచ్చుతుంది కదా అనుకున్నాడు. సెల్యులాయిడ్ పిడి, ప్లాస్టిక్కుల్లో మొదటిరకం. పుట్టినప్పుడు కర్పూరం కలిపి చేస్తారు. ముసలితనంలో, ముఖ్యంగా ఇలా వెలుతురు చొరబడే రకం, లోలోపల కుళ్లి, కంటికి కనపడని ఆమ్లపు ఆవిరి వదులుతుంది. తనకేమీ కాదు, చాలాకాలం అందంగానే ఉంటుంది. పక్కనున్నవాటిని తింటుంది. పందొమ్మిదేళ్ల కిందట ఒక్క వానాకాలంలో ఆమె సొరుగులో ఐదు చాకులు, ఆయన మొట్టమొదట తెచ్చినదానితో సహా, బ్లేడ్లనిండా గోధుమరంగు చుక్కలతో పాడైపోయాయి. ఆయన ఇంటి తేమను తిట్టాడు, గోడను తిట్టాడు, ఇల్లు కట్టిన మేస్త్రీని తిట్టాడు. ఆమె వారంపాటు పుస్తకాలు తిరగేసి, కారణం పట్టుకుని, దీన్ని గాలి ఆడే చోటికి వెలివేసింది. వేసి, చెప్పలేదు. అడుగుతాడని చూసింది, దీన్ని ఎందుకక్కడ పెట్టావోయ్ అని. అడిగితే బ్రహ్మాండమైన జవాబు ఉంది. ఆయన అడగలేదు, ఆమె ఆ జవాబును తన దగ్గరే ఉంచుకుంది, ఒకటైనా పూర్తిగా తనదిగా ఉండనీ అని.

ఇప్పుడు అది ఇక్కడ. పెట్టె తలుపు అంచుకు రబ్బరు పట్టీ వేసి ఉంది, దుమ్ము కాదుకదా ఊపిరి కూడా దూరకుండా. నోళ్లు శుభ్రం చేసేవాళ్ల బుద్ధి అలాగే ఆలోచిస్తుంది. ఎడమపక్క చాకు బ్లేడుమీద, కొసకు దగ్గరగా, మూడు చుక్కలు. కుడిపక్కదానికి ఇత్తడి చీలల చుట్టూ పచ్చటి చిలుము, సన్నగా, పాపాయి గోరంత. ఇవాళ తుడిస్తే పోతాయి. వచ్చే వానలదాకా ఆగితే కిందివరస పోతుంది, ఆ పై ఏడాదికి మూడు వరసలూ, ఆ అతుకు చాకూ, ఆ నాలుగు "తెలియలేదు"లూ. ఆమె చేయవలసిందల్లా వెళ్లి కుర్చీలో కూర్చోవడం. ఎవరూ ఏమీ కనిపెట్టలేరు, కనిపెట్టినా అది సర్వేయరు గారి బహుమతి. ఆ పిల్ల నొచ్చుకుంటుంది, ఆయన సిగ్గుతో ఇటువైపు రావడం మానేస్తాడు, ఒక ఆదివారం బల్లమీదకు రుమాలు వస్తుంది. ఇంత తేలికగా. తనలోని ఈ ఆలోచనను చూసి ఆమె అసహ్యపడలేదు, అదే ఆమెకు ఆశ్చర్యం. గుండ్రటి రాతవైపు మళ్లీ చూసింది. తెలియలేదు. తెలియలేదు. సరే, ఒక ఒప్పందం: బయటికి వచ్చాక ఇద్దరిలో ఎవరైనా, ఈ పెట్టెలోని ఏ చాకు గురించైనా, ఒక్క ప్రశ్న తనను అడిగితే చెప్పేస్తుంది. అడగకపోతే లేదు. ఎనిమిది నెలల తర్వాత ఒక్క ప్రశ్న అత్యాశేమీ కాదు. ఆమె వెళ్లి కుర్చీలో కూర్చుంది. లోపల ఏదో విరిగినట్టు చప్పుడు, ఆయన మూలుగు. పాపం అనుకుంది, అలవాటుకొద్దీ.

తలుపు తెరుచుకుంది. ఆమె ఊహించుకున్న మనిషి ఇంకా పొడుగు. వచ్చింది పొట్టిగా, నుదుటిమీదికి నెట్టుకున్న భూతద్దాల కళ్లజోడుతో, చెమట పట్టిన మెడతో, వేలికి సిరా మరకతో ఉన్న ఒక అలసిపోయిన మనిషి. వెనకే ఆయన, ఒక బుగ్గ ఉబ్బి, కళ్లలో నీళ్లతో.

"అయిపోయిందమ్మా. చాలా సతాయించింది. గంటసేపు ఆ దూది అలాగే కొరికి పట్టుకోవాలి, మాట్లాడకూడదు. మీరే చూసుకోవాలి, సార్ మాట్లాడకుండా ఉండలేరు."

"తెలుసు," అంది ఆమె.

"ఇన్నాళ్లూ ఎప్పుడూ రాలేదేమ్మా మీరు. సార్ చెబుతుంటారు, మా ఆవిడకి ఈ ఇనపముక్కలంటే విసుగని."

ఆయన క్యాలెండరువైపు చూశాడు. ఆమె కూడా చూసింది, మూడు చేపలు, ఒకదాని వెనక ఒకటి. విసుగు. నలభై ఏళ్ల ఆదివారాలకు ఈయన పెట్టిన చీటీ ఇదన్నమాట. డాక్టరమ్మ అప్పటికే కౌంటరువైపు తిరిగి, "తర్వాత ఎవరు?" అంటోంది. అడగవలసిన ప్రశ్న అడిగేసింది, వేరేవాళ్లను. ఒప్పందం ప్రకారం ఆమె ఇక లేచి, ఆయన చెయ్యి పట్టుకుని, మెట్లు దిగవచ్చు.

ఆమె లేచింది, లేచాక మెట్లవైపు కాక ఆ గుండ్రటి రాతవైపు చూసింది. "పెట్టె తాళంచెవి ఇవ్వండి," అంది.

కౌంటరావిడ కలం ఆగింది. "ఏమైందమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఆ తేనెరంగు పిడి చాకు నేను తీసుకెళ్తాను."

"మ్మ్," అన్నాడాయన, దూది లోపలినుంచి.

ఆ మాట గదిలో ఎలా మోగిందో ఆమె తనే విన్నది: మొగుడు ఇచ్చిన బహుమతిని లాక్కోవడానికి వచ్చిన ముసలిదాని మాట. డాక్టరమ్మ ముఖంలో ఒక అర్థం కుదురుకోవడం, దానివెంటే మృదుత్వం రావడం, రోగులతో మాట్లాడే మృదుత్వం, ఆమె తేటగా చూసింది. "అయ్యో, దానికేముందమ్మా, మీదే కదా," అంటూ సొరుగులోంచి తాళంచెవి తీసిచ్చింది. ఇక చాకు సంచిలో వేసుకుని, మిగతావన్నీ బతికించి, ఓర్వలేనిదనే పేరు మోసుకుంటూ బయటికి నడిస్తే సరిపోతుంది. గొప్ప మనసున్నవాళ్లు అలా చేస్తారు. ఆమెకు అంత గొప్ప మనసు లేదు, ఆ జాలి ఇంకొక్క క్షణం కూడా భరించేది లేదు.

"ఇలా రండి," అంది తాళం తిప్పుతూ. రబ్బరు పట్టీ చిన్న ముద్దులాంటి చప్పుడుతో విడింది. "వాసన చూడండి."

డాక్టరమ్మ వంగింది. "కర్పూరం. కాదు, దానికింద ఇంకేదో ఉంది. పుల్లగా."

"ఎడమపక్కదాని కొస చూడండి."

డాక్టరమ్మ నుదుటిమీది భూతద్దాలు కళ్లమీదికి దించుకుంది. కొసనుంచి పిడిదాకా చూసుకుంటూ వచ్చింది. "ఈ చుక్కలు నేను పెట్టినప్పుడు లేవు," అంది చివరికి. "ఈ పిడి చేస్తోందా ఇది?"

"పిడి ఆవిరి, మీ రబ్బరు పట్టీ, రెండూ కలిసి."

"నేను దుమ్ము రాకూడదని వేశానమ్మా."

"దుమ్ము రాలేదు."

డాక్టరమ్మ ఆ మాటకు నొచ్చుకోకుండా నవ్వింది, నవ్వి, వెంటనే మరిచిపోయింది. "సెల్యులాయిడ్ అన్నీ ఇంతేనా? ఇంట్లో ఇంకో మూడున్నాయి."

"రంగు?"

"రెండు నల్లవి, ఒకటి తెల్లది. తెల్లది ఎముకేమో కూడా. వేడిసూది గుచ్చి చూడమని ఎక్కడో చదివాను."

"రాసినవాడు గుచ్చి ఉండడు. భగ్గున అంటుకుంటుంది. బొటనవేలు వేడెక్కేదాకా పిడిమీద రుద్ది, వేలు వాసన చూడండి, చాలు. నల్లవి కొంత నయం. అయినా ఒకదానితో ఒకటి కలపకండి, మూతలేని డబ్బాలో, గాలికి పెట్టండి."

"ఇది ముందు అలాగే ఉండేదా, మీ ఇంట్లో?"

"పందొమ్మిదేళ్లు."

"మరి సార్ కి తెలియదా?"

అందరూ ఆయనవైపు చూశారు. ఆయన ఆమెవైపు చూశాడు, ఆ ఐదు చాకులు, ఆ తిట్లు తిన్న మేస్త్రీ, ఒక్కొక్కటిగా ఆయన కళ్లలోకి వచ్చి నిలబడుతున్నట్టు. "ఆయన అడగలేదు," అంది ఆమె. అది నిజమే గాని పూర్తి కాదనిపించి, అచ్చుకు పంపేముందు సరిచేసినట్టు, "నేనూ చెప్పలేదు," అని చేర్చింది.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని పెట్టె ముందు కూర్చుంది, ఇంకో కుర్చీ ఆమెకోసం లాగింది. పిలుపు అందుకున్న రోగి, దవడకు రుమాలు కట్టుకున్న బట్టతలాయన, లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు. "అమ్మా, ఈ నాలుగింటి ముద్రలు చూస్తారా, ఆరు నెలల నుంచి కొట్టుకుంటున్నాను. ఇదిగో దీన్లో రెండక్షరాలు కనిపిస్తున్నాయి, మూడోది సున్నానా, సగం చెరిగిన మరోటా? మీరైతే ముందు ఏం చూస్తారు, అక్షరమా, ముద్ర వంపా?" ముందు ఏం చూస్తారు. నలభై ఏళ్లలో ఆయన జవాబు అడిగాడు గాని, ఎలా చూస్తావని ఒక్కసారీ అడగలేదన్న సంగతి ఆమెకు ఇప్పుడు, ఈ మందుల వాసన గదిలో, తెలిసింది. తెలిసి, కోపం ఇన్నాళ్లూ తప్పు మనిషిమీద పెట్టుకుందేమోనని అనుమానం కలిగింది. ఆ అనుమానాన్ని తర్వాత చూసుకుందామని పక్కన పెట్టి, చాకు అందుకుని, "ఆ దీపం కిందికి వంచండి, ఇంకా, బల్లకు ఆనాలి," అంది. "వంపు చూడాలి ముందు. అక్షరం అబద్ధమాడుతుంది."

ఆయన దగ్గరికి వచ్చి వాళ్లిద్దరి భుజాల మధ్యనుంచి తల దూర్చాడు. చాకువైపు వేలు చూపించాడు. దూది వెనకనుంచి ఏదో అన్నాడు, ఆ ముద్ర తనకు తెలుసనో, ఆ చాకు తానే వెతికిపెట్టాననో, ముద్దముద్దగా రెండోసారి కూడా అన్నాడు. డాక్టరమ్మ తల తిప్పలేదు. వేలు అలాగే గాల్లో ఉండిపోయింది. పెట్టె అద్దంలో ఆమెకు ఆయన ముఖం కనిపించింది, ఉబ్బిన బుగ్గ, ఒకరినుంచి ఒకరికి పరిగెత్తే కళ్లు, వెలుపల నిలబెట్టిన మనిషి ముఖం. దాన్ని గుర్తుపట్టడానికి ఆమెకు సుద్దపొడి అవసరం రాలేదు, దీపమూ అవసరం రాలేదు.

"మీరు మాట్లాడకండి," అంది, వెనక్కి తిరగకుండా, "దూది జారుతుంది."